పుర్రచేతి పరీక్ష

చలిచీమలకొండ ప్రభుత్వ గులాబీ ఉద్యానానికి జపాను కత్తెరలు వచ్చిన రోజున నాదస్వరం పెట్టించారు. నలభై కత్తెరలు, నలభై పెట్టెలు. పెట్టెకొక మెత్తని గుడ్డ, గుడ్డలో చుట్టిన చిన్న నూనెసీసా. ఉపసంచాలకులు విరూపాక్షం గారు మొదటి పెట్టె మూత తీసి, కళ్ళజోడు తుడుచుకుని, లోపలికి చూసి, మళ్ళీ తుడుచుకుని, "ఇది పరికరం కాదు, ఒక నాగరికత" అన్నారు. ఉపన్యాసం ముగిసిందనుకుని నాదస్వరం వాళ్ళు అందుకున్నారు. నిజానికి అది మొదటి వాక్యం. తక్కిన ఉపన్యాసమంతా ఆయన నాదస్వరం మీదుగానే ఇచ్చారు.

తోటమాలుల వరసలో చివర నిలబడ్డ కదిరమ్మకు ఆ మాటలేవీ చెవికెక్కలేదు. ఆమె చూపు పెట్టెల మీద ఉంది, మనసు ఏడో మడిలో ఉంది. ఏడో మడిలో పన్నీరు గులాబీ ఉంది. ఇరవై రెండేళ్ళ కిందట, కొలువులో చేరిన కొత్తలో, ఆమె తన చేత్తో అంటుకట్టిన చెట్టు. దాని తల్లిచెట్టు ఏనాడో పోయింది. ఆ వాసన గల పువ్వు కొండ మీద మరెక్కడా లేదు. ఈ ఏటి వానలకు దానికి కొమ్మ ఎండు తెగులు తగిలింది. కొసన మొదలైన నలుపు ఎనిమిది రోజులకొక చిగురుకన్ను చొప్పున మింగుతూ కిందికి దిగుతోంది. పక్కకొమ్మలు మూడూ అప్పటికే పోయాయి. మిగిలిన ఒక్క కొమ్మ మీద, నలుపుకూ అంటుకూ నడుమ, పదమూడు పచ్చికళ్ళు ఉన్నాయి. నలుపు అంటును తాకితే చెట్టు లేనట్టే. ఆలోగా పచ్చిచోట, నలగకుండా, చీలకుండా ఒక్క కోత కోసి, మైలుతుత్తం ముద్ద పూస్తే చెట్టు ఉన్నట్టే. కావలసింది ఒక్క కోత.

ఆ ఒక్క కోతకు కత్తెర లేదు. కొత్తవాటి పక్కన పాతవి కనబడడం జపాను దేశానికి అవమానమని, తోటలోని పాత కత్తెరలన్నిటినీ నెల ముందే తుక్కులో వేశారు. వంటింటి కత్తితో కోస్తే గులాబీ కొమ్మ చీలుతుంది. చీలినచోట తెగులుకు తలుపు తీసి పీట వేసినట్టే. పైగా "అనధికార పరికరముతో కోయబడిన ప్రతి కొమ్మకును సంబంధిత సిబ్బందియే బాధ్యత వహింపవలెను" అని పనిముట్ల గది గోడ మీద కాగితం అంటించారు.

ఉపన్యాసం అయ్యాక, తోటలో అందరికంటే పెద్దవాడైన పెంచలయ్యను పిలిచి, ప్రారంభపు కోతకు కత్తెర చేతికిచ్చారు. పెంచలయ్య బొటనవేలు పిడి మీది గొళ్ళెం కోసం వెతికింది. గొళ్ళెం అవతలివైపు ఉంది. రెండో చేత్తో దాన్ని తీసి, కొమ్మను పట్టించి నొక్కాడు. చెట్టున నిలిచే వైపు ఉండవలసిన పదునురెక్క రాలిపోయే వైపు ఉంది. మొద్దురెక్క చెట్టు వైపు ఉంది. నిలిచే కొమ్మ చెరుకుపిప్పిలా నలిగింది.

పెంచలయ్య కత్తెరను కళ్ళ దగ్గరగా పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఇది పుర్రచేతి కత్తెర సార్," అన్నాడు. "ఎడంచేత్తో పని చేసేవాళ్ళ కోసరం చేసిండేది."

తక్కిన పెట్టెలూ విప్పారు. నలభైకి నలభై అవే. నాదస్వరం వాళ్ళు వాయిద్యాలు సంచుల్లో సర్దుకున్నారు.

ఆ ఎంపిక ఎలా జరిగిందో చెప్పకపోతే ఎంపిక సంఘానికి అన్యాయం చేసినట్టవుతుంది. ఏడుగురు సభ్యులు పదకొండుసార్లు సమావేశమై ఉక్కు రకాన్నీ, పిడి పొడవునూ, స్ప్రింగు బిగువునూ, సగటు తోటమాలి అరచేతి వెడల్పునూ కూలంకషంగా చర్చించారు. పదకొండో సమావేశంలో రెండు నమూనాలు బల్ల మీదికి వచ్చాయి. సరిగ్గా అప్పుడే వడలూ, చెనక్కాయల చట్నీ కూడా వచ్చాయి. ఏడు కుడిచేతులూ ఎంగిలిలో పడ్డాయి. పరదేశపు వస్తువును ఎంగిలిచేత్తో ముట్టడం మర్యాద కాదు గనుక, సభ్యులందరూ నమూనాలను ఎడమచేత్తో అందుకుని, ఎడమచేత్తో ఆడించి చూశారు. మొదటిది అందరికీ అడ్డంపడింది. రెండోది అందరి చేతిలోనూ పుట్టినట్టు ఒదిగింది. నిర్ణయం ఏకగ్రీవమైంది, చట్నీ రెండోసారి వడ్డించారు.

ఏకగ్రీవంగా జరిగినది తప్పు కాజాలదన్నది ఆ శాఖకు మూలసూత్రం. అందువల్ల తప్పు ఎక్కడున్నదో కనుక్కోవడానికి విరూపాక్షం గారికి రెండు వారాలు పట్టింది. పదిహేనో నాడు ఉత్తర్వు వెలువడింది. దాన్ని పర్యవేక్షకుడు ఓబులేసు తోటమాలులను చెట్లనీడన కూర్చోబెట్టి చదివి వినిపించాడు.

"పరికరములయందు లోపమేమియు కానరాలేదు. లోపము హస్తములయందున్నది. కావున కుడిచేతివాటము గల సిబ్బందిని నియమిత కాలవ్యవధిలో ఎడమచేతివాటములోనికి పరివర్తన గావించి, అట్లు పరివర్తన చెందినవారికి మాత్రమే కత్తెరలు వినియోగార్థము అందజేయవలెను."

అందరూ తమ చేతులకేసి చూసుకున్నారు. కదిరమ్మ మాత్రం ఎడమచేతిని కొంగు చాటుకు లాక్కుంది. అది పాత అలవాటు.

ఆమెది పుట్టుకతోనే పుర్రచేతి వాటం. తల్లి పాతచీర పేలికతో ఆ చేతిని మంచంకోడుకు కట్టి, కుడిచేత్తో ముద్ద తినడం నేర్పింది. బళ్ళో బెత్తం రాయడం నేర్పింది. పెళ్ళయ్యాక అత్తగారి చూపు వడ్డించడం నేర్పింది. తినడం, పెట్టడం, ఇవ్వడం, పుచ్చుకోవడం, లోకం చూసేవన్నీ కుడిచేతికి వచ్చాయి. లోకం చూడనప్పుడు, మడుల నడుమ వంగినప్పుడు, కత్తెర తనంతట తాను ఎడమచేతిలోకి వచ్చేది. గులాబీకి ముల్లుంది గాని పట్టింపు లేదు. నలభై ఆరేళ్ళుగా దాచుకున్న ఆ చేతిని ఈనాడు సర్కారు కాగితం మీద పెట్టి వెతుకుతోంది. కదిరమ్మ గుండె గంతేసింది. పన్నీరుకు ఇంకా పదకొండు కళ్ళున్నాయి. ఆమె లేచి ఓబులేసు వెంట కచేరీలోకి నడిచింది.

"సార్, నాది పుట్టినప్పట్నుంచీ పుర్రచెయ్యే," అంది. ఆ మాట పైకి అనడం ఆమెకు అదే మొదలు, చెవులు ఎర్రబడ్డాయి. "నాకు ట్రైనింగు అక్కర్లేదు. ఒక కత్తెర ఇచ్చినారంటే, ఏడో మడిలో ఒకే ఒక కోత ఉండాది. కోసి, తుడిచి, ఇచ్చేస్తా."

ఓబులేసు మంచివాడు. నమూనా పత్రం తీసి, కలం మూత తిప్పి, మూడో గడి దగ్గర ఆగాడు. "కుడి నుంచి ఎడమకు ఏ తారీఖున మారినావు?"

"మారలేదు సార్. మొదట్నుంచీ ఇంతే."

"అట్లయితే నీకు రాదు కదమ్మా. పరివర్తన చెందినోళ్ళకే కత్తెర. పరివర్తన చెందాలంటే ముందు కుడిచేతివాటం ఉండాల. నీ దగ్గర మారేదానికి ఏముండాది?"

"వాళ్ళంతా మారి యాడికొస్తారో, నేను ఆడనే ఉండాను గదా సార్."

ఓబులేసు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, నుదుటి మీద చెమట పట్టింది. "ఉండేది వేరే, వచ్చేది వేరే," అన్నాడు చివరికి. "మాకు వచ్చేది కావాల."

ఆ సాయంత్రం పెంచలయ్య ఉపాయం చెప్పాడు. నలభై ఏళ్ళ అనుభవంలో అతడు చెట్లను ఎంత చదివాడో, కచేరీని అంతకంటే ఎక్కువ చదివాడు. తలుపు మూసుంటే కిటికీ వెతకవద్దు, తలుపుకు కావలసిన తాళంచెవి వెతుక్కో అన్నది అతని సిద్ధాంతం. కుడిచేతివాటం ఉన్నట్టు ధ్రువపత్రం తెచ్చుకుంటే, దాని మీద ఎడమకు మారవచ్చు.

కుడిచేతివాటం నిర్ధారణ సంఘం ముందు కదిరమ్మ సంగటిముద్ద తిన్నది, పళ్ళెంలో అక్షింతలు అందించింది, సూదిలో దారం ఎక్కించింది, పేరు రాసింది. తప్పు పట్టడానికి సందు దొరకలేదు. తల్లి పేలిక, పంతులు బెత్తం, అత్తగారి చూపు కలిసి పట్టిన పట్టు అది. సంఘం ముగ్ధమై "సంపూర్ణ దక్షిణహస్తురాలు" అని రాసి ముద్ర వేసింది. తల్లి బతికుంటే ఆ కాగితానికి పటం కట్టించేదనుకుంటూ కదిరమ్మ ఇంటికి నడిచింది. నవ్వు వస్తోందో, ఏడుపు వస్తోందో ఆమెకు తెలియలేదు. పన్నీరుకు పది కళ్ళు మిగిలాయి.

శిక్షణ డెబ్భై రోజులని నిర్ణయమైంది. రాజధాని నుంచి పరివర్తన శిక్షకులు చంద్రమౌళి గారు విచ్చేశారు. ఆయన నల్లబల్ల మీద కుడిచేత్తోనే రాసేవారు. శిక్షకుల పరివర్తనకు ఇంకా మంజూరు రాలేదు. మొదటివారం పాఠం "ఎడమచేయి కలదని గుర్తించుట." రెండోవారం "దానిని ఎత్తుట." మూడోవారం "ఎత్తినదానిని ఏమి చేయవలెనో యోచించుట." పని వేళల్లో కుడిచేయి పొరపాటున ముందుకు రాకుండా, దాన్ని నడుముకు ఆకుపచ్చ నాడాతో కట్టేసేవారు. రెండు చేతులూ జోడించడం వీలు కాక, తోటమాలులు ఉపసంచాలకులు గారికి ఒంటిచేతి దండం పెట్టారు. అది దండంలా కాక చెంప మీదికి వస్తున్నట్టు ఉండడంతో, మూడోనాడు ఆయన మూడడుగులు వెనక్కు వేసి, దండాలకు మినహాయింపు ఇస్తూ ఉత్తర్వు జారీ చేశారు.

ఊళ్ళో సంగతి ఇంకా వింతగా సాగింది. ఎడమచేయి చాచితే పూజారి తీర్థం పొయ్యలేదు. ఎడమచేత్తో ఇచ్చిన నోటు చూసి టీకొట్టు సుబ్బన్న, పొద్దున్నే ఇదేం అపశకునమని లోపలికి పోయి తలుపేసుకున్నాడు. పెంచలయ్య ఇంట్లో అభ్యాసం కోసం ఎడమచేత్తో సంగటి కలిపితే, అతని భార్య విస్తరి ముందునుంచి లాగేసి, సర్కారుకు పుట్టిన బుద్ధి సర్కారు ఇంట్లోనే తినమని బయటికి పంపింది. అతడు కచేరీ అరుగు మీద కూర్చుని తిన్నాడు. దాన్ని చంద్రమౌళి గారు "విధి పట్ల నిబద్ధత" అని నివేదికలో రాశారు.

నాలుగోవారం నుంచి కత్తెర సంరక్షణ చెప్పారు. కోత అయిన వెంటనే ఆకుపసరు తుడవాలి, లేకుంటే జిగురుకట్టి స్ప్రింగు పట్టేస్తుంది. తడి ఆరాక రెక్కల కీలు దగ్గర ఒక్క నూనెబొట్టు. సానపట్టేటప్పుడు ఏటవాలు వైపే రాయి తగలాలి, చదునువైపు తగిలితే రెక్కల నడుమ సందు పడుతుంది. పని కాగానే గొళ్ళెం. ఇదంతా పెట్టెలోని కాగితం మీద నాలుగు బొమ్మల్లో ఉంది. చంద్రమౌళి గారు దాన్ని నాలుగు వారాలకు విస్తరించారు. అసలు కత్తెరలు అరిగిపోకుండా వడ్రంగి చేత చెక్కకత్తెరలు చేయించి, వాటికి పసరు పూయించి, తుడిపించి, నూనె బొట్టు పెట్టించి, మళ్ళీ పసరు పూయించారు. చెక్క నూనె తాగింది. సీసాలు సగమయ్యాయి.

ఈ పాఠాలన్నిటిలోనూ కదిరమ్మకు ఒక్కటే కష్టం. ఆమెకు అన్నీ వచ్చు. మొదటివారంలోనే, ఎవరో విసిరిన నూలుబంతిని ఆమె చూడకుండా ఎడమచేత్తో పట్టుకుంది. చంద్రమౌళి గారు పుస్తకం తిరగేసి, బంతి పట్టడం ఎనిమిదోవారం పాఠమని గ్రహించి, ఆమెను పక్కకు పిలిచారు. పాఠ్యక్రమాన్ని అతిక్రమించి నేర్చుకోవడం అక్రమాభ్యాసం కిందికి వస్తుందనీ, మరోసారి జరిగితే పేరు కొట్టివేయక తప్పదనీ మెత్తగా చెప్పారు. పేరు పోతే కత్తెర పోతుంది. కత్తెర పోతే చెట్టు పోతుంది.

అందుచేత కదిరమ్మ చేతకానితనం నేర్చుకోవడం మొదలుపెట్టింది. గురువు పెంచలయ్య. మధ్యాహ్నపు వేళ నీటిబోదె గట్టు మీద ఇద్దరూ ఎదురెదురుగా కూర్చునేవారు. ఆమె అతనికి ఎడమచేత్తో పట్టు ఎలా బిగించాలో చూపేది. అతడు ఆమెకు ఎలా జారవిడవాలో చూపేవాడు.

"అట్ల కాదు మే. నువ్వు పడేసేదాన్ని కూడా పొందిగ్గా పడేస్తా ఉండావు," అనేవాడు. "భయపడతా పడెయ్యి. నన్ను చూడు."

ఆమె చూసేది. అతడు గిన్నె ఎత్తితే నీళ్ళు మోచేతి మీదుగా జారేవి. ఆమెకు అంత అందంగా ఒలకబోయడం ఎన్నటికీ రాలేదు. అయినా సాధన చేసింది. తల్లి కుడిచేతిని తీర్చడానికి పడ్డ శ్రమకంటే, తాను ఎడమచేతిని చెడగొట్టడానికి పడ్డ శ్రమ ఎక్కువ. శిక్షకులు ఆమె నివేదికలో "క్రమబద్ధముగా తడబడుచున్నది" అని మెచ్చుకున్నారు. రోజూ ఇంటికి పోయేముందు ఏడో మడిలో ఆగి, కొమ్మ మీద వేలు పెట్టి లెక్కపెట్టుకునేది. ఏడు. అయిదు. నాలుగు. శిక్షణ ముగిసేనాటికి రెండు.

పరీక్షకు రాజధాని నుంచి సాక్షాత్తూ సంచాలకులు వచ్చారు. మామిడాకు తోరణాల కింద నలభై కత్తెరలు ఎర్రగుడ్డ మీద మెరిశాయి. ప్రతి అభ్యర్థీ తనకు నచ్చిన చెట్టు దగ్గరికి సంఘాన్ని తీసుకుపోయి, ఎడమచేత్తో ఒకే ఒక కోత కోయాలి. కోతను చూసి మార్కులు వేస్తారు.

పెంచలయ్య ముందు వెళ్ళాడు. రెండుసార్లు గొళ్ళెం తప్పించి, మూడోసారి కొమ్మను పట్టించి, కళ్ళు మూసుకుని నొక్కాడు. కొమ్మ సగం తెగింది, సగం నలిగింది, తొక్క వేలాడింది. సంచాలకులు వంగి, భూతద్దంతో ఆ గాయాన్ని పరీక్షించి, "శిక్షణ తాలూకు ఆనవాళ్ళు సుస్పష్టంగా కనబడుతున్నాయి" అన్నారు. ప్రథమశ్రేణి.

తిరిగి వస్తూ పెంచలయ్య కదిరమ్మ పక్కన ఆగాడు. చూసినావు గదా, నలిపితేనే మార్కులు అని చెప్పి, గొంతు తగ్గించాడు. "కొంచిం నలిపి కొయ్యి మే. పాసైతే కత్తెర నీదవుతాది. మళ్ళా నీ ఇష్టమొచ్చినట్టు కోసుకోవచ్చు."

"మళ్ళా కోసేదానికి చెట్టు ఉండల్ల గదన్నా," అంది కదిరమ్మ.

ఆమె సంఘాన్ని ఏడో మడికి తీసుకుపోయింది. అంటుకు పైన రెండు కళ్ళు. పై కంటి అంచుదాకా నలుపు వచ్చి ఆగి, కింది కంటికేసి చూస్తున్నట్టుంది. ఆ రెండింటి నడుమ వేలిగోరంత పచ్చిచోటు. చంద్రమౌళి గారు ఆమె కుడిచేతి నాడా సరిచూశారు. విరూపాక్షం గారు గడియారం చూశారు.

కదిరమ్మ కత్తెర అందుకుంది. డెబ్భై రోజులుగా జారవిడవడం నేర్చిన వేళ్ళు ఒక్క క్షణం ఏది మరచిపోవాలో తెలియక తడుముకున్నాయి. మరుక్షణం పిడి అరచేతిలో ఒదిగింది. బొటనవేలు వెతకకుండానే గొళ్ళేన్ని తాకింది. ఆమె జన్మలో మొదటిసారి ఒక వస్తువు ఆమెను తిప్పి పట్టుకోమనలేదు. పదునురెక్కను చెట్టువైపు ఉంచి, కింది కంటికి కాస్త పైన, కన్ను చూసే దిక్కుకు ఎదురుగా వాలేటట్టు ఆనించి, నొక్కింది. చప్పుడు లేదు. నల్లకొమ్మ రాలింది. కోసినచోట చుట్టూ సన్నని ఆకుపచ్చ గీత, లోపల పాలమీగడ తెలుపు. ఎక్కడా నల్లచుక్క లేదు. ఆమె కత్తెరను మోకాళ్ళ నడుమ ఇరికించి, ఒంటిచేత్తోనే కొంగుముడి విప్పి మైలుతుత్తం ముద్ద పూసింది. గుడ్డతో రెక్కల మీది పసరు తుడిచింది. ఒక్క నూనెబొట్టు వేసింది. గొళ్ళెం బిగించింది.

సంచాలకులు భూతద్దంతో వంగారు. చాలాసేపు వంగే ఉన్నారు. లేచి విరూపాక్షం గారితో గుసగుసలాడారు. విరూపాక్షం గారు చంద్రమౌళి గారితో గుసగుసలాడారు. చివరికి తీర్పును ఉపసంచాలకులు వెల్లడించారు.

"డెబ్భై రోజుల పరివర్తనతో ఇటువంటి కోత అసంభవం. నలుగుడు లేదు, చీలిక లేదు, తడబాటు లేదు. శాస్త్రీయంగా పరిశీలించినచో ఇది కుడిచేతితో కోసిన కోత. అభ్యర్థిని అనుత్తీర్ణురాలు."

ఎడంచేత్తోనే కోసిందనీ, కుడిచేయి ఇంకా నడుముకు కట్టే ఉన్నదనీ పెంచలయ్య వినయంగా మనవి చేశాడు. సంచాలకులు చిరునవ్వు నవ్వి, కంటితో చూసినది అభిప్రాయమనీ, కోత మాత్రమే సాక్ష్యమనీ బోధించారు. ముప్పై తొమ్మిది మంది ఉత్తీర్ణులయ్యారు. వారి కత్తెరలను వారి చేతికిచ్చి, ఫొటో తీసి, తిరిగి పుచ్చుకుని, ఉత్తీర్ణుల పేర్లు చెక్కిన అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. ఉత్తీర్ణులు కత్తెరకు అర్హులు. దాన్ని వాడడానికి అనుమతి వేరే రావాలి. దాని దస్త్రం రాజధానికి బయలుదేరింది.

కదిరమ్మ ఓబులేసు బల్ల దగ్గరికి వెళ్ళింది. అతడు ఆమె పేరు ఎదుట అనుత్తీర్ణత ముద్ర వేస్తున్నాడు.

"తప్పినోళ్ళకు మళ్ళా పరీక్ష ఎప్పుడు సార్?"

"ప్రతి గురువారం, ఆ మిగిలిన ఒక్క కత్తెరతోనే పెట్టమనుండారు."

"కోతకు చెట్టు మేమే చూసుకోవచ్చునా?"

"అభ్యర్థి ఇష్టమని రాసుండాది."

"ఎన్నిసార్లు తప్పొచ్చు సార్?"

ఓబులేసు నిబంధనల పుస్తకం ముందునుంచి వెనక్కు, వెనకనుంచి ముందుకు తిప్పాడు. "దానికి ఇంత అని పెట్టినట్టు లేదే," అన్నాడు.

కదిరమ్మ కిటికీలోంచి తోటకేసి చూసింది. కత్తెర తగలని ఈ మూడు నెలల్లో నలుపు తక్కిన మడులకూ పాకింది. మూడో మడిలో తెల్లవాటికి నలుపు సగందాకా దిగింది, వాటికే తొందర. పసుపువి రెండు వారాలు ఆగుతాయి. చివరి గట్టు మీది తీగగులాబీ మొండిది, అది నెలైనా ఓర్చుకుంటుంది. ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. ఎడమచేతి వేళ్ళు అయిపోతే నాడా విప్పి కుడిచేతివి కలుపుకుంది.

"అయితే నా పేరు అన్ని గురువారాలకూ రాసేయండి సార్."

ఓబులేసు రాశాడు. రాసి తలెత్తేసరికి ఆమె వెనక పెంచలయ్య నిలబడి ఉన్నాడు. చేతిలో ప్రథమశ్రేణి పత్రం ఉంది. అతని రెండో మడిలో కూడా చెట్లున్నాయి, ఆ చెట్లకూ నలుపుంది.

"సార్, దీన్ని వాపసు తీసుకుంటారా?" అని అడిగాడు. "నలక్కుండా కోసేది ఈమె దగ్గర నేర్చుకుంటా. నేను కూడా తప్పుతా."

అతని వెనక ఉత్తీర్ణులంతా పత్రాలు పట్టుకుని ఒకరొకరే వచ్చి నిలబడుతున్నారు. వరస కచేరీ మెట్లు దిగి, అద్దాల బీరువా పక్కగా మలుపు తిరిగి, తోటలోకి సాగింది.